వేలు పెట్టి చూసే మనిషి

అదిగో, అప్పుడే పెన్నుకి మూత పెట్టేశావు! నేనింకా కుర్చీలో కుదురుకోనేలేదు, ఈ మోకాళ్లు మడవడానికే అరగంట పడుతుంది నాకు. ఇలాంటి న్యాయం ఎక్కడైనా ఉందా? మూడొందల మెట్లెక్కి వచ్చాను బాబూ ఈ గదికి. లిఫ్టు పడుకుని వారమైంది.

సరే, మూడొందలు కాదులే. అరవై నాలుగు. తుడిచేదాన్ని నేనే, నాకు తెలీదా? కానీ అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లతో ఎక్కి చూడు, అవి మూడొందలే.

నువ్వు నువ్వు అంటున్నానని అనుకోకు. నీకంటే పెద్ద ఆఫీసర్లని కూడా అలాగే అన్నాను. ఒకాయన్నయితే చీపురు పుచ్చుకుని తరిమాను, తడి నేల మీద బూట్లతో నడిచాడని. అబ్బే, కొట్టలేదు. చూపించానంతే.

నా గురించి కింద మా సూపర్‌వైజరు చెప్పే ఉంటాడు. "ఆ ముసలావిడ వస్తే నమ్మకండి సార్, ఊదుతుంది" అని. చెప్పాడు కదూ? నీ మొహమే చెబుతోంది. గోరంత దొరికితే కొండంత చేస్తానట. అందుకే రాడార్ గదిలో నా పేరు కొండంతమ్మ. నాకేం కోపం లేదు, అసలు పేరు కంటే ఇదే బావుంది. మా ఆయన బతికున్న రోజుల్లో అనేవాడు, "దీని మాటల్లో పాలెన్నో నీళ్లెన్నో తేల్చుకునేసరికి నాకు జుట్టు నెరిసింది" అని. నెరిసిందా పాపం? ఊడింది. నెరిసే దాకా ఉంటేగా.

మాటలు పట్టే ఆ చిన్న పెట్టెలో ఎర్ర దీపం ఆరిపోయిందేం? ఆపేశావా? ఆపుకో. మళ్లీ నువ్వే వెలిగిస్తావు.

బ్యాగు కూడా సర్దేశావు. రేపు పొద్దున్నే ప్రయాణమట కదా. ఆ కాగితాల కట్ట అడుగున, విమానం కూలడంలో తప్పెవరిదో రాసేశావట. రాడార్ గదిలో కూర్చునే మా మౌనం సార్ పేరు రాశావట. ఎవరు చెప్పారా? గోడలు తుడిచేవాళ్లకి గోడలే చెబుతాయి బాబూ.

అందుకే వచ్చాను. ఒక పది నిమిషాలు. నిజంగా పదే. నా పది కాదు, నీ గడియారంలో పది.

రాడార్ గది గురించి నాకేం తెలుసు అనుకోకు. ముప్పై ఒక్కేళ్లుగా తుడుస్తున్నాను. కిటికీల్లేని గది, పగలో రాత్రో తెలీదు, పచ్చ దీపాల ముందు మనుషులు కూర్చుని గాల్లో ఉన్నవాళ్లతో మాట్లాడుతుంటారు. మూడు టేబుళ్లు. ప్రతి టేబుల్ మీదా ఒక కాగితం, పైన ప్లాస్టిక్ తొడుగు. కింద పడి పగిలిన పింగాణీ పళ్లెంలా ముక్కలు ముక్కలుగా గీసి ఉంటుంది. ముక్కకో అంకె. నలభై ఏడు అని ఉంటే నాలుగు వేల ఏడొందల అడుగులు. ఆ ముక్క మీదున్న విమానాన్ని అంతకంటే కిందికి దింపకూడదు. ఎందుకంటే కింద కొండ ఉంది, పైన మబ్బుంది, మబ్బులో ఉన్నవాడికి కొండ కనపడదు. నీ కట్టలో అన్ని పేజీలున్నా, అసలు సంగతి ఇంతే. అవునా కాదా?

మరి తలూపుతావేం. నీళ్లు కలపలేదుగా?

ఆ అంకెలు అందరికీ నోటికొచ్చు. ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెబుతారు. మౌనం సార్‌కీ వచ్చు. అయినా ఆయన వేలు పెట్టి చూడందే నోరు విప్పడు. ప్రతిసారీ. రోజుకి లక్షసార్లు... సరే, వందసార్లు. ముందు తెర మీద చుక్కని చూస్తాడు, తర్వాత కాగితం మీద వేలు పెడతాడు, అంకె చూస్తాడు, అప్పుడు నోరు తెరుస్తాడు. పక్క టేబుల్ నవ్వులాయన ఉన్నాడే, మీసాలాయన, ఆయన వేళాకోళం చేసేవాడు. "గురువుగారూ, మీ వేలు రాకి రాకి ఆ కొండ అరిగిపోయేలా ఉంది" అని. గదంతా నవ్వేది. నేనూ నవ్వాను.

మౌనం సార్ నవ్వలేదు. "గుర్తు జారుతుంది. కాగితం జారదు" అన్నాడు. అన్నన్ని మాటలు ఆయన ఒక్కసారిగా మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కరోజే.

కాగితం జారదు.

ఆ... మంచినీళ్లున్నాయా? ఆ సీసా ఇలా ఇవ్వు. 

ఆ విమానం కూలడానికి ముందురోజు సాయంత్రం పైనుంచి ఉత్తరం వచ్చింది. నీకు తెలిసిందే. కొత్తగా కొలిచారట. దక్షిణం వైపు కొండ శిఖరం గీతకి అవతల ముక్కలో ఉందని ఇన్నాళ్లూ అనుకున్నారు, అది ఇవతల ముక్కలో ఉందని తేలింది. కొండ ఎక్కడున్నది అక్కడే ఉంది బాబూ, గీసినవాళ్లే పక్కకి గీశారు. అయిదు అంకెలు మారాయి. ఆ ముక్క నలభై ఏడు కాదు, అరవై రెండు. కొత్త కాగితాలు అచ్చయి వచ్చే దాకా తెల్ల స్టిక్కర్ల మీద రాసి పాత అంకెల మీద అతికించమన్నారు. ఎవరు చేస్తారు? నవ్వులాయన చేస్తాడా? మౌనం సారే కూర్చున్నాడు, డ్యూటీ అయిపోయాక. మూడు టేబుళ్లు, అయిదేసి అంకెలు, పదిహేను స్టిక్కర్లు. నీలం సిరాతో రాశాడు. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించేవాడిలా ఒక్కొక్కటీ అతికించాడు. నేను చెత్తబుట్ట పట్టుకుని పక్కనే నిలబడ్డాను. స్టిక్కర్ల వెనకాల ఒలిచిన కాగితం ముక్కలు కూడా కింద పడనివ్వలేదు మహానుభావుడు, నా బుట్టలోనే వేశాడు.

ఇప్పుడు నువ్వేం రాశావు? పద్నాలుగు సరిగ్గా అతికించి, ఆయన టేబుల్ మీది పదిహేనోది మాత్రం అలసటలో పక్క ముక్క మీద అతికించాడని. ఆయన చేతి రాతే, ఆయన చేతి పొరపాటే అని. మర్నాడు ఆ కాగితం మీదే వేలు పెట్టి, నలభై ఏడు చూసి, విమానాన్ని అయిదు వేలకి దిగమన్నాడని.

ఆయన కూడా ఒప్పేసుకున్నాడు, అదీ విడ్డూరం! "నేనే తప్పుగా అతికించి ఉంటాను" అని సంతకం పెట్టాడట. ఉంటాను! గుర్తుందా అని అడిగితే గుర్తు లేదన్నాడట. ఎలా ఉంటుంది? గుర్తుని ఏనాడూ నమ్మని మనిషి ఇప్పుడు దేన్ని పట్టుకుంటాడు?

నిన్న వాళ్లింటికి వెళ్లాను బాబూ.

సూపర్‌వైజరు వద్దన్నాడు, అయినా వెళ్లాను. ఆయన భార్య తలుపు తీసింది. "పిన్నిగారూ, మీరైనా కాసేపు మాట్లాడించండి" అంది. వంటింట్లోకి తీసుకెళ్లింది. ఆయన టేబుల్ ముందు కూర్చున్నాడు. పదేళ్ల ముసలితనం... కాదు, పదేళ్లు కాదు. ఎంతో నాకు తెలీదు. టేబుల్ మీద పెద్ద తెల్ల కాగితం, దాని మీద ఆ పగిలిన పళ్లెం గీసుకున్నాడు. ఒక చేత్తో స్టిక్కరు అతికిస్తాడు, కళ్లు మూసుకుంటాడు, పీకుతాడు, మళ్లీ అతికిస్తాడు. తన చెయ్యి ఎటు పోతుందో చూసుకుంటున్నాడట. పొద్దున్నించి రాత్రి దాకా అదే పనట, పంతొమ్మిది రోజుల్నించీ. వాడేసిన స్టిక్కర్లు పారేయడు, డబ్బాల మీద అతికిస్తాడు. పప్పు డబ్బా మీద అరవై రెండు. ఉప్పు డబ్బా మీద అరవై రెండు. తలుపు మీద, గిన్నెల బీరువా మీద. ఆవిడ రవిక భుజం మీద ఒకటి అంటుకుని ఉంది, ఆవిడ చూసుకోలేదు. నేను తీసేశాను.

"సార్" అన్నాను. తలెత్తాడు. "చూడండి, ప్రతిసారీ సరిగ్గానే పెడుతున్నాను" అన్నాడు. "మరి ఆ రోజు ఎందుకు పెట్టలేదు?" అన్నాడు. నన్నే అడిగాడు! ముప్పై ఒక్కేళ్లలో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న.

నేను, కొండంతమ్మని, అడక్కపోయినా గంటసేపు జవాబు చెప్పేదాన్ని, చెప్పులేసుకుని వచ్చేశాను.

ఏంటా గడియారం చూడ్డం? ఇంకా అయిదు నిమిషాలున్నాయి.

సరే విను. ఇప్పుడు చెప్పేది పావు వంతు చేసుకోవద్దు, సగం చేసుకోవద్దు. ఉన్నదున్నట్టు పుచ్చుకో.

పొద్దున ఆరింటికి డ్యూటీలు మారతాయి. టేబుల్ ముందు మనిషి లేచి ఇంకో మనిషి కూర్చునే లోపు నాలుగు నిమిషాలు నావి. ఆ నాలుగు నిమిషాల్లోనే టేబుల్ తుడవాలి, మనిషి కూర్చున్నాక ముట్టుకోకూడదు. ఆ పొద్దున మౌనం సార్ టేబుల్ మీద ఎవరో టీ ఒలకబోసి వెళ్లారు. సముద్రమంత... కాదు. అరచేయంత. కాగితం మీద ఎండి అట్ట కట్టింది. వేడినీళ్లలో ముంచిన గుడ్డతో ఒక్క రుద్దు రుద్దాను.

స్టిక్కరు గుడ్డకి అంటుకుని వచ్చేసింది.

అరవై రెండు. నా పసుపు గుడ్డ మీద. కింద చూస్తే నలభై ఏడు. దాని పక్క ముక్కలోనూ నలభై ఏడే! గీతకి అటొకటి ఇటొకటి, కవలల్లా. జిగురు మచ్చయినా మిగల్లేదు, అంత బాగా తుడిచాను. నా పనితనం!

అవును బాబూ. ఇప్పుడు పెన్ను తియ్యి.

ఎవర్నైనా అడగొచ్చు కదా అంటావు. పది అడుగుల్లో పక్క టేబుల్ ఉంది, దాని మీద సరైన కాగితం ఉంది. తల వంచి చూస్తే చాలు. కానీ అక్కడ నవ్వులాయన కూర్చున్నాడు. అంతకు వారం ముందు సింకు కింద గొట్టం కారితే "రాడార్ గది మునిగిపోతోంది" అని కేకేశాను. ఇద్దరు బకెట్లు తెచ్చారు, ఒకాయన వైర్లు పీకడానికి పరిగెత్తాడు. తీరా చూస్తే గ్లాసుడు నీళ్లు. సూపర్‌వైజరు అందరి ముందూ అన్నాడు, "ఇంకోసారి నీ నోట్లోంచి కేక వినపడిందా, అదే నీకు ఆఖరి రోజు. ఈ వయసులో నిన్ను ఉంచడమే ఎక్కువ." నవ్వులాయన వారమంతా నన్ను చూసినప్పుడల్లా ఈత కొడుతున్నట్టు చేతులాడించాడు. రోజూ. నేనూ నవ్వాను. నవ్వించేవాళ్లకి ఏడుపు రాకూడదు కదా, అది రూలు.

ఆ పొద్దున ఆ చేతులు మళ్లీ చూడలేకపోయాను. అంతే. అంత చిన్న సంగతి. దాన్ని పెద్దది చేసి చెబుదామన్నా కావట్లేదు.

రెండిట్లో ఒకదాని మీద అతికించేశాను. గోటితో అంచులు నొక్కాను. పెడితే సరైన దాని మీదే పెట్టి ఉంటానులే అనుకున్నాను. అతికించినప్పుడు పక్కనే ఉన్నాను కదా, కళ్లకి గుర్తుండే ఉంటుంది అనుకున్నాను.

గుర్తు.

ఇదొక్కటే అయితే నిన్న ఆయన వంటింట్లోనే చెప్పేసేదాన్నేమో. నీ అసిస్టెంటు అమ్మాయి అడిగినప్పుడు నేనేం చెప్పాను? పది గంటలప్పుడు వరండాలో ఉన్నానని. రాసుకుంది. అబద్ధం.

గదిలోనే ఉన్నాను. మౌనం సార్ కుర్చీ వెనకాల, మూడడుగుల దూరంలో, తుడుపు కర్ర పట్టుకుని. పొద్దున కూర్చున్నాయన లేచాక, ఈయన తొమ్మిదింటికి వచ్చి కూర్చున్నాడు. పదీ పదికి పెద్ద విమానం ఒకటి వేగంగా వస్తోంది, దానికి దారి వదలమని చిన్న విమానాన్ని దక్షిణం వైపు తిప్పాడు. తెర మీద చుక్క చూశాడు. వేలు కాగితం మీదకి వెళ్లింది. ఆగింది. నలభై ఏడు మీద ఆగింది.

 ఆ అంకె పక్కనే నేను అతికించిన తెల్ల ముక్క. అదో ఇదో నాకు తెలీదు. తెలీదన్న సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

"సార్..." అన్నాను.

ఆయన తల తిప్పకుండానే ఎడమ చెయ్యి ఎత్తాడు. అరచెయ్యి ఇలా. మైకులో ఉన్నాను, ఆగమని. అందరూ అలాగే చేస్తారు, గదిలో అది మామూలే.

ఆగాను.

పుట్టినప్పటి నుంచీ నోరు మూసుకోమని నాకు చెప్పనివాళ్లు లేరు బాబూ. మా అమ్మ చెప్పింది, మా అత్త చెప్పింది, మా ఆయన దండం పెట్టి చెప్పాడు. ఒక్కరి మాటా వినలేదు. ఆ ఒక్కసారి విన్నాను.

"అయిదు వేలకి దిగండి" అన్నాడు ఆయన. అంత మర్యాదగా చెబుతాడు.

కొండ దగ్గరైతే అరిచే యంత్రం ఒకటి ఉందిగా ఆ గదిలో, అదైనా అరవచ్చు. అరవలేదు. దక్షిణం వైపు ఊరికే అరుస్తోందని ఎండాకాలంలోనే ఆ వైపు నోరు కట్టేశారు. సంతకాలు పెట్టి మరీ కట్టారు, నీ కట్టలో ఉండే ఉంటుంది ఆ కాగితం. అరిచి అరిచి లోకువైపోయింది పాపం. దాన్ని తుడిచినప్పుడల్లా నా తోబుట్టువుని తుడిచినట్టే ఉంటుంది నాకు.

ఆ తర్వాత చుక్క లేదు. ఆయన పిలిచాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. గొంతు పెంచలేదు, తొందర పడలేదు. ఒక్కో పిలుపుకీ మధ్య ఆగి విన్నాడు. పదకొండుసార్లు. నేను లెక్కపెట్టాను. నీ టేపులో కూడా లెక్కపెట్టుకో, పదకొండే ఉంటాయి.

విమానంలో పద్నాలుగు మంది. అయిదుగురిని ప్రాణాలతో కొండ మీంచి మోసుకొచ్చారు. మిగిలింది తొమ్మిది. చూశావా, ఈ అంకెని నేను తొంభై చెయ్యలేదు. ఇంట్లో కూర్చుని ఒకసారి చేద్దామని చూశాను, పెద్దది చేస్తే నాది కానట్టు ఉంటుందేమోనని. నోరు తిరగలేదు. తొమ్మిదే.

మా చెల్లెలితో చెప్పాను ఆ రాత్రే. దాని దగ్గరే ఉంటున్నాను. అదేమందో తెలుసా? "నోరు మూసుకో అక్కా. ఎలాగూ నీ మాట ఎవరూ నమ్మరు. ఆ చెడ్డపేరు ఒక్కసారైనా పనికి రానీ" అంది. తెలివైంది. పంతొమ్మిది రోజులు పనికొచ్చింది.

ఏంటి? మెల్లగా మాట్లాడతావేం, చెవులు దొబ్బాయి నాకు. సాక్ష్యమా?

అనుకున్నాను. సార్ మీద అభిమానంతో ముసలిది కథ అల్లుకొచ్చిందని అనుకుంటున్నావు. నీ తప్పేం లేదు, నీ స్థానంలో ఉంటే నేనూ నమ్మను. ఈ నోటి మీద నాకే నమ్మకం లేదు.

అందుకే నోటిని నమ్ముకుని రాలేదు.

ఆ కట్టలో ఫొటో ఉంది కదా, ఆయన టేబుల్ మీది కాగితం ఫొటో. తియ్యి. స్టిక్కరు చూడు. కుడి పక్క, కింద. మూల చిరిగి ఉందా? ఉంది కదూ? ఆయన చిరిగిన స్టిక్కరు అతికించే మనిషేనా? మిగతా పద్నాలుగింటినీ చూడు, ఒక్కదానికైనా మూల పోయిందా?

ఇదిగో నా గుడ్డ. ఆ సాయంత్రం పిండబోతే కనపడింది. పిండలేదు, ఉతకలేదు, పంతొమ్మిది రోజులు సూదుల డబ్బాలో దాచాను. జాగ్రత్త, గట్టిగా లాగకు. అదిగో, ఆ మడతలో తెల్లగా. దాని మీద నీలం సిరా చుక్క, రెండు అంకె తోక. ఫొటోలో రెండుకి తోక లేదు, చూసుకో.

ఎర్ర దీపం వెలిగించావా? మంచిది.

ముందు ఆయనకి ఫోన్ చెయ్యి. నా సంగతి తర్వాత చూద్దువుగాని, నేనెక్కడికి పోతాను, ఆ మెట్లు దిగడానికే నాకు రేపటి దాకా పడుతుంది. ఆయన చెయ్యి పదిహేనుకి పదిహేనూ సరిగ్గానే పెట్టిందని చెప్పు. స్టిక్కర్లు పీకేసుకోమను. పప్పు డబ్బా దగ్గర మొదలుపెట్టమను.

ఆ తర్వాత స్కేలు తెచ్చి ఈ కాగితం ముక్కని కొలువు. ఎంతుందో అంతే రాసుకో బాబూ. గోరంతే ఉంది.